ఓడిపోకు అని చెప్పేసి వెళ్లిపోతుందా?

నర్సీపట్నంలో బస్సెక్కి చింతపల్లి, ఆర్.వి.నగర్, ధారకొండ దాటి సీలేరులో దిగేసరికి చీకటి పడిపోయింది. కార్తీకమాసపు చలి. అక్క టార్చిలైటు పట్టుకుని బస్టాండులో నిలబడి ఉంది. అక్కడి ఆశ్రమ పాఠశాలలో తను టీచరు. నన్ను చూసి ఏమీ అడగలేదు. సంచి అందుకుని నడిచింది. ఆ అడగకపోవడం కోసమే అంత దూరం వెళ్లానేమో!

ఆరేళ్లు ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద తెలుగు చెప్పాను. ఏటా జూన్‌లో వచ్చే కాగితం ఆ ఏడు రాలేదు. పిహెచ్.డి. పట్టా చేతిలో ఉంది, వయసు ముప్ఫై ఆరు, అమ్మ మందులు నా జీతంలోంచే. "పాజిటివ్‌గా ఉండు", "కాస్త నవ్వుతూ ఉండు" అని చెప్పనివాళ్లు లేరు. ఉద్యోగం పోయిన మగవాడిని ఎవరైనా నవ్వమంటారా? మాకు మాత్రం దుఃఖం కూడా ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెట్టే అమర్యాదే. మూడు నెలలు మంచం దిగడమే కష్టమైపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందులు వాడాను. ఆ సంగతి దాచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

ఇఫ్లూలో జపనీస్ నేర్చుకున్న నా స్నేహితురాలొకామె, మనసు బాగోలేనప్పుడు వినమని తొమ్మిది జపాన్ పాటలు నా ఫోనులో వేసి ఇచ్చింది. ఒక్కోదాని భావం తెలుగులో రాసిన కాగితం కూడా ఇచ్చింది. సీలేరులో అక్క ఉండే చోట సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. కనక ఆ తొమ్మిది పాటలే నాకు లోకం.

మొదటిది క్యూ సకమోతో 1961లో పాడిన 'ఉవె ఒ ముయితె అరుకో'. పైకి చూస్తూ నడుద్దాం అని ఆ పేరుకి అర్థం. ఈల వేస్తూ హాయిగా సాగిపోతుంది. కాగితం చదివాక తెలిసింది, అది రాత్రిపూట ఒంటరిగా, ఏడుపు ఆపుకుంటూ నడిచే మనిషి పాటని! అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా 1960లో జపాన్‌లో పెద్ద ఉద్యమం జరిగింది. అది ఓడిపోయిన నిరాశలోంచి రొకుసుకె ఎయ్ ఈ పాట రాశాడు. 1963 జూన్‌లో అది అమెరికా బిల్‌బోర్డు పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. అయితే అక్కడివాళ్లకి నోరు తిరగదని దానికి 'సుకియాకి' అని పేరు పెట్టారు. సుకియాకి అంటే మాంసంతో చేసే ఒక వంటకం! మన ఏడుపు పాట ఒకదాన్ని ఎవరో తీసుకెళ్లి 'గోంగూర' అని అమ్మితే ఎలా ఉంటుంది? నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. నా సిద్ధాంత గ్రంథంలో ఆదివాసీ స్త్రీల పాటల్ని 'శ్రమగేయాలు' అన్న ఒక్క డబ్బాలో వేసింది నేనే కదా. వాళ్లు వాటిని ఏమని పిలుచుకుంటారో ఒక్కరినీ అడగలేదు.

రెండోది 'మకెనైదె', అంటే ఓడిపోకు. 1993 జనవరిలో 'జార్డ్' పేరుతో వచ్చింది. రాసిందీ పాడిందీ ఇజుమి సకాయ్ అనే స్త్రీ. పరుగు పందేల్లో, పరీక్షల ముందు జపాన్‌లో పిల్లలకి అది ధైర్యం చెప్పే పాట. నాకు మాత్రం చిరాకు పుట్టింది. ఇదీ "పాజిటివ్‌గా ఉండు" లాంటిదే కదా అనుకున్నాను. పైగా కేన్సర్‌కి చికిత్స పొందుతూ, ఆసుపత్రిలో పడిపోయి 2007లో నలభయ్యేళ్లకే చనిపోయిందామె. అందరికీ ఓడిపోవద్దని చెప్పిన మనిషికి ఎవరు చెప్పారో!

ఒక సాయంత్రం బడిలో వంట చేసే ఆమె అక్క ఇంటికి వచ్చింది. కోందు స్త్రీ. ఇంట్లో కువి మాట్లాడుతుంది, మాతో తెలుగు. ఇయర్‌ఫోన్ చూసి నవ్వింది. ఒకటి ఆమె చెవిలో పెట్టాను. 'మకెనైదె' వస్తోంది.

"ఏటంటందమ్మా ఆయమ్మ?"

"ఓడిపోకు అంటోంది."

కాసేపు విని అడిగింది, "అలగని సెప్పేసి ఎలిపోద్దేటి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కాగితం మళ్లీ తీశాను. స్నేహితురాలు రాసిన భావంలో రెండో సగం ఉంది. ఎంత దూరాన ఉన్నా తోడుంటానన్న భరోసా అది. ఆజ్ఞ ఒక్కటే విని పాటను కోపంగా పక్కన పెట్టేశాను. సాహిత్యంలో డాక్టరేటు చేసిన నేను సగం చదివి తీర్పు చెప్పాను. వంట చేసే ఆమె పాటను అడగాల్సిన ప్రశ్న అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకుని మిగతావన్నీ విన్నాను. మియుకి నకజిమ తన ఇరవై మూడో ఏట, 1975లో, సొంతంగా రాసి బాణీ కట్టిన 'జిదాయ్' ఉంది. కాలం అని అర్థం. ఆమె నవ్వమని తొందరపెట్టదు. ఇవాళ్టి దుఃఖాన్ని ఇవాళ దుఃఖంగానే ఉండనిస్తుంది. ఏదో ఒకనాడు దీన్ని కథలా చెప్పుకుంటామన్న నమ్మకం మాత్రం ఇస్తుంది. నాకు నిద్ర పట్టించింది ఆ పాటే.

చిట్టచివర స్నేహితురాలు ఎందుకు చేర్చిందో అర్థంకాని పాటొకటి ఉంది, క్యూషు దీవిలోని ఇత్సుకి ఊరి జోలపాట. పేదింటి ఆడపిల్లలు కలిగినవాళ్ల ఇళ్లలో బిడ్డల్ని ఆడించడానికి కుదిరి, ఆ బిడ్డల్ని జోకొడుతూ తమ దుఃఖం తాము పాడుకున్నారు. బిడ్డకు జోల, తనకు ఊరట! ఆ ఊరి నదిమీద డ్యామ్ కట్టాలని 1966లో ప్రతిపాదించారు. ముంపు ప్రాంతంలోని ఇళ్లవాళ్లు ఎత్తు ప్రదేశాలకి మారారు. 2009లో ఆపేశారు. 2020 వరదల తర్వాత ప్రభుత్వం రూపం మార్చి మళ్లీ తలకెత్తుకుంది. ఇది చదువుతున్నప్పుడు కిటికీలోంచి సీలేరు చీకటి కనిపిస్తోంది. ఎగువన మాచ్‌ఖండ్ అనిపించుకునే నదే ఇక్కడ సీలేరు. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. దానికోసం కట్టిన జలాపుట్ రిజర్వాయరు కింద ఆదివాసీల ఊళ్లు మునిగాయి. వాళ్ల వెంట ఏ పాటలు వెళ్లాయో, ఏవి నీళ్లలో ఉండిపోయాయో!

తర్వాత ఒకరోజు ఆమె, అక్క, నేను చాపమీద కూర్చుని రాజ్‌మా గింజలు ఏరుతున్నాం. ఆమె సన్నగా పాట ఎత్తుకుంది. కువిలో. నా చెయ్యి అలవాటుగా ఫోను మీదికి, రికార్డింగు బొత్తాం మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. మంచిపని చేశానో, ఒక పాట పోగొట్టానో ఇప్పటికీ తేల్చుకోలేదు. పాట అయ్యాక అర్థం అడిగాను.

"మాయమ్మ ఏరేటప్పుడు పాడేది. అర్థమేటుంది, పని తెలకుండా అయిపోద్ది."

నిజంగానే చేట ఖాళీ అయింది. రెండు గంటలుగా కాలేజీ గుర్తు రాలేదు.

పాట ఉద్యోగం ఇవ్వదు. మందుకి బదులూ కాదు. అయినా కన్నీళ్లు తుడుచుకోమని తొందరపెట్టే పాటకీ, పక్కన చాపమీద కూర్చునే పాటకీ తేడా ఉందని నాకిప్పుడు తెలుసు. స్త్రీలు ఒకరికొకరు చెప్పుకునే ధైర్యం ఎప్పుడూ ఈ రెండో రకమే అనుకుంటాను.

మూడు వారాల తర్వాత నర్సీపట్నం బస్సెక్కాను. చింతపల్లిలో సిగ్నల్ అందగానే ఒక కాలేజీకి దరఖాస్తు పంపాను. ఇంకా జవాబు లేదు. స్నేహితురాలి కాగితం మాత్రం తిరిగి ఇచ్చేశాను, అడుగున పదో పాట చేర్చి: సీలేరు, రాజ్‌మా ఏరేటప్పటిది. పేరు, ఈసారి వెళ్లినప్పుడు ఆమెనే అడిగి రాస్తాను.