వస కొమ్మూ, ఆరిస్ నూనే, మా మనవడి చెవులూ

మనలో ఎవరైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే "వీడికి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారు" అంటాం. నాకూ పోశారట. బి.ఎన్.ఆర్. రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ కుటుంబాల్లో వస పోయని ఇల్లు నేను చూడలేదు.

2023 ఫిబ్రవరి నాటికి మా మనవడికి రెండేళ్లు నిండబోతున్నాయి. "అమ్మ" తప్ప మాట లేదు. మా ఆవిడ గోల్‌బజార్‌లో పూజ సామాను అమ్మే దశకర్మ దుకాణానికి వెళ్లి వస కొమ్ము తెచ్చింది. తేనెలో అరగదీసి నాకించాలని ఆమె ఉద్దేశం. నేను ఊరుకుంటానా? వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకలకు వస నూనె పెట్టి చూస్తే పేగుల్లో కంతులు వచ్చాయి. అమెరికా ప్రభుత్వం 1968లోనే వసను ఆహార పదార్థాల్లో వాడరాదని నిషేధించింది. పైగా ఆ పదార్థం అమెరికా వసలో దాదాపు ఉండదు, మన దేశపు వసలోనే ఎక్కువ. ఇదంతా చెప్పాను.

"మీకు పోస్తే ఏమైందండీ?" అంది.

"ఏమీ కాలేదు. కానీ దానివల్లే మాటలొచ్చాయని రుజువేమిటి?"

"రుజువెందుకు? మీ నోరు ఆగితేగా!"

మా కోడలు చదువుకున్న పిల్ల. "వస వద్దత్తయ్యా" అని నా పక్షం వహించింది. సంతోషించాను. వారం తిరిగేసరికి కొరియర్లో ఒక చిన్న సీసా వచ్చింది. ఆరిస్ వేరు నూనె, 10 మిల్లీలీటర్లు, 349 రూపాయలు. నూటికి నూరుపాళ్లు స్వచ్ఛమట. రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి గొంతుకు రాస్తే 'కంఠచక్రం' తెరుచుకుని భావవ్యక్తీకరణ మెరుగవుతుందట.

ఆరిస్ అంటే ఐరిస్ మొక్క దుంప. ఇటలీలో ఫ్లారెన్స్ చుట్టుపక్కల సాగు చేస్తారు. ఆకులు చూస్తే అచ్చం మన వసలాగే కత్తుల్లా ఉంటాయి. పసుపు పూల ఐరిస్ రకానికి లిన్నేయస్ పెట్టిన పేరు 'సూడాకోరస్', అంటే దొంగ వస! అంతేకాదు, ఐరోపాలో పళ్లు వచ్చే పిల్లలకు ఈ దుంపనే నమలడానికి ఇచ్చేవారు. అంటే మా కోడలు వసను వద్దని, తెల్లవాళ్ల అమ్మమ్మల వసను కొన్నదన్నమాట.

నేను రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్లకు పైగా బిల్లులు పరిశీలించినవాణ్ణి. ధర చూడగానే అనుమానం వచ్చింది. ఈ దుంప రెండు మూడేళ్లు భూమిలో పెరగాలి. తవ్వి, తొక్క తీసి, ఎండబెట్టి మరో రెండు మూడేళ్లు గోదాములో ఉంచాలి. పచ్చిదుంపకు ఆ వాసనే ఉండదు. నిల్వలో ఇరిడాల్స్ అనే పదార్థాలు గాలి తగిలి నెమ్మదిగా ఐరోన్లుగా మారితేనే వయొలెట్ పూల పరిమళం పుడుతుంది. ఆపైన ఆవిరి పట్టి తీస్తే టన్ను ఎండుదుంపకు సుమారు 2 కిలోలు వస్తుంది. అంటే నా చేతిలోని సీసా నింపడానికి దాదాపు 5 కిలోల ఎండుదుంప కావాలి. పెట్టుబడి ఐదారేళ్లు ఇరుక్కుంటుంది, దానికి వడ్డీ ఉంది, ఫ్లారెన్స్ కూలీ ఉంది, కొరియర్ ఖర్చు ఉంది. 349 రూపాయలా? ఇలాంటి బిల్లు నా బల్ల మీదికి వస్తే అభ్యంతరం రాసి తిప్పిపంపేవాణ్ణి.

ఇంకో పరీక్ష కూడా ఉంది. ఆవిరి పట్టి తీసిన ఆరిస్‌లో అత్యధిక భాగం మిరిస్టిక్ ఆమ్లం. మామూలు వేడిలో అది గడ్డగానే ఉంటుంది, అందుకే దాన్ని వెన్న అంటారు. ఆ ఆమ్లాన్ని తీసేస్తే ద్రవమవుతుంది గానీ ధర ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. సీసా ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారినా నీళ్లలా కదిలింది.

"మరి వాసన బాగానే ఉందిగా మావయ్యగారూ" అంది కోడలు. వాసనదేముంది! 1893లో టీమన్, క్రూగర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు ఈ దుంప వాసన గుట్టు విప్పబోయి, నిమ్మగడ్డి నూనెలో ఉండే సిట్రాల్ నుంచి అయొనోన్ తయారుచేశారు. అదీ వయొలెట్ వాసనే. అప్పటినుంచీ సబ్బులకూ పౌడర్లకూ అదే గతి. అసలు ఆరిస్ ఖరీదైన సెంట్లలోకి పోతుంది, దుంప జిన్ను తయారీలోకి పోతుంది. దానికి మాటలు తెప్పించే గుణం ఉందనడానికి నాకు ఒక్క పరీక్షా కనబడలేదు. 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం పట్టికలో చెవుడు ఉంది. సీసా మీద ఆ మాట లేదు, 'వ్యక్తీకరణ' అని మాత్రమే ఉంది. తెలివైనవాళ్లు!

వాదనలో నేనే నెగ్గాను. సీసా ఫ్రిజ్‌లో, వస కొమ్ము అటక మీద. ఆ విజయం మీద ఏడు నెలలు కూర్చున్నాను.

ఎందుకంటే "మగపిల్లలకు మాటలు ఆలస్యం, వీడి నాన్నకీ ఆలస్యమే" అన్నది నేనే. చెవి సంగతి ఎవరో ఎత్తితే "మా ఇంటి వెనక రైలు కూత వేస్తే తిరిగి చూస్తాడండీ" అని కొట్టిపారేసిందీ నేనే. ఈ ఊళ్లో అంతకంటే పెద్ద సాక్ష్యం ఏం కావాలి? మా ఆవిడ 'నాకు పోశారు, మాటలొచ్చాయి' అంటే అది రుజువు కాదన్నాను. నా రైలు కూత మాత్రం రుజువైపోయింది.

సెప్టెంబరులో కలకత్తాలో బెరా పరీక్ష చేయించాం. పిల్లాణ్ణి నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవిలో శబ్దాలు వినిపిస్తూ మెదడు స్పందన చూస్తారు. తర్వాత మరికొన్ని పరీక్షలు. రెండు చెవుల్లోనూ లోపం. రైలు కూతలోని పెద్ద, బండ శబ్దం వినబడుతుంది. స, శ, త, క లాంటి సన్నని ధ్వనులు అందవు. సగం సగం మాటలు వింటే పిల్లవాడు ఏం పలుకుతాడు? పుట్టిన నెలలోపు చెవి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స మొదలు కావాలన్నది వైద్యుల ప్రమాణం. పుట్టినప్పుడు ఆ పరీక్ష చేయలేదు, మేం అడగనూ లేదు. నూనె ధర కూపీ లాగడానికి నేను ఖర్చుపెట్టిన రాత్రుల్లో ఒక్కటి ఇది చదవడానికి చాలు.

కోడలు నన్ను ఒక్క మాటా అనలేదు. ఫ్రిజ్ తలుపులోంచి సీసా తీసి చెత్తబుట్టలో వేసింది, అంతే.

ఇప్పుడు రెండు చెవులకూ యంత్రాలున్నాయి. వారానికి రెండుసార్లు మాటల శిక్షణకు నేనే తీసుకెళ్తాను. మాటలు వస్తున్నాయి, బాగానే వస్తున్నాయి. 'స' మాత్రం ఇంకా కష్టం. మొన్న మా ఆవిడ అటక సర్దుతుంటే వస కొమ్ము కిందపడింది. వాడు తీసుకొచ్చి ఏమిటని అడిగాడు. "వస" అంది.

"వత" అన్నాడు. ఇద్దరూ కూర్చుని పావుగంట సేపు అదే మాట అనుకున్నారు.