పాత చట్రము, వేఱు క్యాబు

ఒహైయోలోనున్న మా తమ్ముఁడు 1969వ సంవత్సరపు షెవర్లే పికప్పు బండిని బాగుచేయుచుండఁగా మేము ప్రక్కను నిలిచి చూచితిమి. (మా చేతికిఁ దుడుపుగుడ్డ మాత్రమే దక్కెను.) మంచు కరఁగుటకై వీథులఁ జల్లు నుప్పువలన, తోలువాఁడు గూర్చుండు క్యాబు అడుగురేకు తుప్పుపట్టి చిల్లులు పడెను, దళసరి చట్రము మాత్రము గట్టిగా నుండెను. వానలు తక్కువైన అరిజోనానుండి, 1967-72 తరగతికే చెందిన వేఱొక క్యాబును దెప్పించిరి. స్టీరింగు కడ్డీ, బ్రేకు గొట్టము, విద్యుత్తీగలు విప్పి, పాతదాని నెత్తి, రబ్బరు దిమ్మలమీఁద దీని నమర్చిరి.

చదువరులారా, చిక్కు పిమ్మటఁ గలిగెను. వచ్చిన క్యాబు తలుపుకంబమున వేఱుబండి సంఖ్యగల బిళ్ళ యున్నది; చట్రముమీఁదనో పాత సంఖ్యయే. మా యుద్దేశమున బండికిఁ బ్రాణము చట్రమే. అయినను బిళ్ళను అక్రమముగా మార్చుట 1984 నాఁటి అమెరికా శాసనముచే నేరము. తమ్ముఁడు రెండు సంఖ్యలను వ్రాసికొని, బండిని గదల్పకయే రిజిస్ట్రేషను కచేరికిఁ బోయెను.