రోజమండు గీతము: ప్రేమయా, పరిహాసమా?

పద్యమునకు అర్థము చెప్పుట యొకటి, ఆ పద్యము పలికిన గొంతును గుర్తించుట మఱియొకటి. మొదటిదానికి నిఘంటువు తోడుపడును. రెండవదానికి నిఘంటువు చాలదు. "నీవు చాల గొప్పవాడవయ్యా" యన్న మాటలో మెప్పున్నదో యెత్తిపొడుపున్నదో అక్షరములు చెప్పవు. మనిషి యెదుట నున్నప్పుడు కన్నులు, పెదవులు, చేతులు మనకు సాయపడును. ఆఱువందల యేండ్ల క్రిందట, వేఱొక దేశమున, వేఱొక భాషలో పుట్టిన ప్రేమపద్యమున ఆ గొంతు నెట్లు పట్టుకొనవలెను? ఈ ప్రశ్నను మేము జెఫ్రీ చాసరు రచించిన చిన్న గీత మొకదానిని ముందుంచుకొని విచారింపదలచితిమి.

కాంటర్‌బరీ కథల కర్తగా చాసరును మన చదువరులు పలువు రెఱుగుదురు. 1374 మొదలు 1386 వఱకు లండను రేవున సుంకముల లెక్కలు చూచిన యుద్యోగి యాతడు, 1400లో మరణించెను. ఈ గీతము మాత్రము చిరకాలము మఱుగుపడియుండెను. 1891లో కేంబ్రిడ్జి యాచార్యుడు వాల్టరు స్కీటు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియను గ్రంథాలయమున, చాసరుదే యైన ట్రాయిలసు కావ్యపు వ్రాతప్రతి చివర దీనిని కనుగొనెను. వేఱొక ప్రతి దొరకలేదు. మూడు చరణములు, చరణమునకు ఎనిమిది పంక్తులు, ప్రతి చరణాంతమున నొకే పల్లవి: ఇది ఫ్రెంచి కవులవలన ఇంగ్లండునకు వచ్చిన గీతపద్ధతి. రోజమండు అను స్త్రీని ఒక ప్రేమికుడు సంబోధించుటయే విషయము.

మొదటి చరణమున ఆమె సౌందర్యమును దేవతామందిరముతో పోల్చెను. ఆమె స్ఫటికమువలె మెఱయుననియు, గుండ్రని చెక్కిళ్లు కెంపులనియు ననెను. ఇంతవఱకు వింత లేదు. కాని నడుమ ప్రపంచపటము వచ్చినది! నాటి ప్రపంచపటములు గుండ్రనివి. 1300 ప్రాంతమున రచింపబడి నేటికిని హెరిఫర్డు దేవాలయమున నున్న పటమును చూచినవారి కిది తెలియును. దాని నడుమ జెరూసలేము, చుట్టును సముద్రము. ఈ పటము పరిధిలోని భూమి యంతటను నీవు సుందరివని కవి చెప్పుచున్నాడు. అది ఘనమైన పొగడ్తయే. అయినను గుండ్రని పటమును, గుండ్రని చెక్కిళ్లను ప్రక్కప్రక్కన నుంచినప్పుడు పెదవి కొనయందు చిఱునవ్వు మొలకెత్తకుండునా? రోజమండు అను పేరులోని చివరి భాగమునకు లాటినులో ప్రపంచమని యర్థము. కావున పటము ఊరక రాలేదు. పేరుతో కవి యాడుకొనుచున్నాడు.

రెండవ చరణమున ప్రేమికుడు గంగాళమెడు కన్నీరు కార్చెను. మన కావ్యములలో విరహిణుల కన్నీరు ఏఱులై పాఱుట మనకు క్రొత్త గాదు. ఏఱు పెద్దదే కాని యింటిలోనిది కాదు, గంగాళము ఇంటిలోనిది. అతిశయోక్తి ఆకాశమున నున్నంతకాలము గంభీరముగ నుండును. వంటయింటిలోనికి దిగినతోడనే నవ్వు పుట్టించును. కొలవరాని దుఃఖమునకు కొలపాత్ర తెచ్చిపెట్టుటయే యిందలి చమత్కారము.

మూడవ చరణమున వంటయిల్లే వచ్చినది. పైకు అను మంచినీటి చేప గేలంటైను రసములో మునిగి పొరలినదానికంటె తాను ప్రేమలో ఎక్కువగ మునిగి పొరలుచున్నానని ప్రేమికుడు వాపోయెను. ఈ రసము రాజుల పంక్తిలోనిది. రెండవ రిచర్డు వంటవారు కూర్చిన పాకశాస్త్రమున దీని విధానమున్నది: రొట్టె పెచ్చులు, దుంపరాష్ట్రము, దాల్చినచెక్క, శొంఠి, ఉప్పు కలిపి నూఱి సిర్కాతో పలుచన చేయవలెను. ఆ దినుసులలో పెక్కు తూర్పుదేశములనుండి ఓడలలో పోయినవే. అనగా ఉపమానము నీచమైనది కాదు, ఖరీదైన విందుభోజనము. కాని చచ్చి, ఉడికి, పళ్లెరమున బడిన చేపకు విరహమేమి? ఆ వెంటనే యాతడు తాను రెండవ ట్రిస్ట్రమును అని చాటుకొనెను. ట్రిస్ట్రము ప్రేమకై ప్రాణము విడిచిన కథానాయకుడు. చేపప్రక్కన మహావీరుని నిలువబెట్టిన కవికి దానిలోని హాస్యము తెలియదందుమా?

ఈ కారణముచేత కొందఱు విమర్శకులు ఈ గీతము కేవలము ఎగతాళి యనిరి. మఱికొందఱు నాటి మర్యాదలను బట్టి యిది నిండు ప్రేమయే యనిరి. మేమొకప్పుడు కొందఱు మిత్రులతో గూడి దీనిని చదివితిమి. అందొక సోదరి యిట్లడిగిరి: "నవ్వు సరే, ఆ నవ్వు ఎవరి మీద? పొగడ్త పేరిట ఆడుదానిని నవ్వులపాలు చేయుట మేమెఱుగనిదా?" ఇదియే అసలు ప్రశ్నయని మాకు తోచినది. స్వరమును విచారించుట పండితుల వినోదము మాత్రమే యైనచో దానికై యింత శ్రమ యేల?

గీతమును మరల చూతము. గంగాళము ఎవరిది? ప్రేమికునిది. చేప యెవరు? ప్రేమికుడే. ఆమెకు దక్కినవి మందిరము, స్ఫటికము, కెంపు, ప్రపంచపటము, నృత్యము, సన్నని మధురస్వరము. ఆమెను దాకిన నవ్వు మృదువైనది. కొఱవి వంటి నవ్వంతయు ఆతని మీదనే పడినది. ఇక పల్లవి. ఆమె తనతో సల్లాపము నెఱపకున్నను తన ప్రేమ నిలుచునని దాని భావము. అక్కడి యాంగ్లపదమునకు నేటి నిఘంటువు సరసమనియే చెప్పును. నాడు దానికి మర్యాదగల ముచ్చట మొదలు శృంగారచేష్ట వఱకు అర్థము వ్యాపించియుండెను. అర్థ మేదైనను ఆమె యొల్లలేదు. ఆ కాలపు ప్రేమగీతములలో ఒల్లని స్త్రీని నిర్దయురాలని నిందించుట పరిపాటి. ఇందు మూడుమార్లును ఆమె యొల్లమి చెప్పబడినది, ఒక్కమారును ఆమె నింద్య గాలేదు. నిన్ను ప్రేమించుటయే నాకు చాలునని యాతడు తృప్తిపడెను.

ఇంకొక యూహయు గలదు. 1396లో రెండవ రిచర్డు ఫ్రాన్సు రాజపుత్రి యిజబెల్లాను వివాహమాడెను. నాటికామెకు ఏడేండ్లు నిండలేదు. రోజమండు ఈ బాలికయే కావచ్చునని కొందఱు పండితులనిరి. ఇది రుజువైన మాట కాదు. నిజమైనచో గుండ్రని చెక్కిళ్లు, సన్నని గొంతు, ఆటపాటలు పసిదానివగును. వయసు మీఱిన కవి యొక బిడ్డను నవ్వించుటకై పలికిన లాలిపలుకులగును. అక్షరము మాఱలేదు, వినువారు మాఱగానే స్వరము మాఱినది. ఆ నవ్వు వెనుక, రెండు రాజ్యముల సంధికై పెండ్లిపీటల మీద కూర్చుండబెట్టబడిన పసిదాని ముఖము కానవచ్చినచో మన హృదయము బరువెక్కును.

శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుడు చెప్పియున్నాడు. పుట్టిన బిడ్డ తల్లిని చంపవలెనని ఆయన చెప్పలేదు. చాసరు గీతమున రెండును జీవించియున్నవని మా యభిప్రాయము. తన్ను దాను చూచి నవ్వుకొనగల ప్రేమ, ఎదుటివారి "వలదు" అను మాటను వినగలదు. తన కన్నీరే లోకమున కెల్ల గొప్పదని నమ్మిన ప్రేమ ఆ మాటను వినదు. వినకపోవుటయే గాక దానిని లోబఱచుకొనుటకు పూనుకొనును. మన కుమారులకు ప్రేమకావ్యములు చదివి వినిపించునప్పుడు ఉపమానముల పట్టికను వల్లింపజేయుట మాని, ఎవరు ఎవరితో ఏ గొంతుతో పలుకుచున్నారని యడుగుట నేర్పుదము. కావ్యమున "వలదు" అను మాటను విననేర్చినవారు ఇంటను దానిని విందురు.