కల్లి తండా నుంచి వచ్చినాక

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను హిందూపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. మా బా ధర్మవరంలో బిల్డింగ్ పనులకు పోతాడు. తమ్ముడు పదో తరగతితో ఆపేసినాడు. రోజూ తెల్లారకముందే లేచి పెనుకొండ రోడ్డులో పరుగు తీస్తాడు, ఆర్మీ కోసం.

2025 మే 9న హాస్టల్లో అందరి ఫోన్లలో ఒకటే ఫొటో. మురళీ నాయక్. గోరంట్ల మండలం కల్లి తండా. మనోడు. సోమందేపల్లిలో చదువుకొని, 2022లో అగ్నివీర్‌గా చేరినాడు. అమ్మానాన్నలు ముంబైలో కూలి చేసి పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు. ఆపరేషన్ సిందూర్ 7న మొదలైంది. 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణం వదిలినాడు. 10 సాయంత్రానికి కాల్పులు ఆగిపోయినాయి. ఒక్క రోజు తేడా!

11న అంత్యక్రియలకు నేనూ తమ్ముడూ బైక్ మీద పోయినాం. పవన్ కల్యాణ్, లోకేష్ వచ్చినారు. సైనిక లాంఛనాలు జరిగినాయి. జనంలో నిలబడినా నాకు వాళ్ల యాడి ఏడుపు ఒక్కటే వినబడింది. వచ్చేటప్పుడు తమ్ముడు దారిపొడుగునా నోరు తెరవలేదు.

మరుసటి రోజు మా యాడి వాడి బూట్లు దాచిపెట్టింది. నాకు ఫోన్ చేసి, "చదువుకున్నోనివి, నువ్వన్నా చెప్పరా" అని ఏడ్చింది. సరే అని అగ్నిపథ్ గురించి మొత్తం చదివి వాడికి చెప్పినా. సర్వీసు నాలుగేళ్లే. ఆ తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. యుద్ధంలో పోతే 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం ఇస్తారు. కానీ రెగ్యులర్ జవాను ఇంటికి వచ్చే పింఛను మాత్రం రాదు.

అంతా విని వాడు ఒకటే అడిగినాడు: "అన్నా, పదో తరగతోనికి ఇంకేం నౌకరీ ఉందో చెప్పు. బాతో పాటు ఇటుకలు మోయల్లనా?"

నా దగ్గర జవాబు లేదు. బూట్లు నేనే వెతికి ఇచ్చినా. యాడి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వాడిని ఆపమని నేను అడగడం లేదు. పోయేవాళ్లు అన్నీ తెలుసుకొని పోవల్ల. రెగ్యులర్ జవానుకైనా అగ్నివీరుకైనా తగిలే తూటా ఒకటే కదా, పింఛను ఎందుకు వేరు? ఈ మాట మన సంఘాలు గట్టిగా అడగల్ల. పదో తరగతితో ఆగిపోయిన మన పిల్లలకు వేరే దారి తెలిసినవాళ్లు ఉంటే, దయచేసి కింద రాయండి. తమ్ముడికి చూపిస్తా.