పెట్రోలు ఎక్కడికి పోతోంది?

బండి మైలేజీ తగ్గిందనగానే మనవాళ్ళు చెప్పే మందు ఒక్కటే: "కార్బురేటరు విప్పించండి." ఒంట్లో బాగోలేదనగానే గ్రహదోషమన్నట్టు! నా మట్టుకు నాకు ముందు లెక్క, ఆ తరువాతే పానా.

మా నాన్నగారిది పదిహేనేళ్ళనాటి 100 సీసీ బండి. లీటరుకు 60 కిలోమీటర్లకు తగ్గేది కాదు. కొన్నాళ్ళ క్రితం ఆయన "తాగేస్తోందిరా, అమ్మేద్దాం" అనడం మొదలుపెట్టారు. పొలానికైనా, తెనాలికైనా ఆయన వెళ్ళేది దానిమీదే. అది పోతే ఆయన గడప దాటరు. అందుకే సంగతేమిటో తేల్చాలనుకున్నాను.

ట్యాంకు నిండా పోయించి, ఆయన 180 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్ళీ నింపిస్తే 4.1 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 44. నాలుగోవంతుకు పైగా తరుగు!

ఊరంతా ఇథనాల్ మీద నెపం వేసింది. పెట్రోలుకన్నా ఇథనాల్‌లో లీటరుకు సుమారు మూడోవంతు శక్తి తక్కువన్నది నిజమే. అయితే 20 శాతం కలిపితే, 10 శాతానికి సర్దిన ద్విచక్రవాహనాలకు మైలేజీ 3–4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. మరి తక్కినదంతా ఏమవుతున్నట్టు?

ప్లగ్గు విప్పి చూశాను. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ వెళుతోందనీ, మరీ తెల్లబడితే గాలి ఎక్కువనీ గుర్తు. ఇది లేత గోధుమరంగులో నిక్షేపంలా ఉంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రం. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. సెంటర్ స్టాండు వేసి తిప్పితే వెనుకచక్రం ఎక్కడా పట్టకుండా తిరిగింది.

ఇక మిగిలింది నడిపే మనిషి. అదే దారిలో నేను నడిపితే 58 వచ్చింది. ఆయన తిరిగివచ్చినప్పుడు వెనుక బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. మర్నాడు ఇంకో బండిమీద ఆయన వెనకాలే వెళ్ళాను. ఎదురుగా పురుగైనా లేని కాలవగట్టు మీద, ఆయన బండి వెనుక ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది.

"నాన్నగారూ, బ్రేకు మీద కాలు పెట్టి నడుపుతున్నారు."

"లేదే! కాలు పక్కనే ఉందిగా."

ఆయన అబద్ధమాడరు. కానీ ఆయనకు పన్నెండేళ్ళుగా చక్కెరవ్యాధి.

డాక్టరుగారు ఆయన్ను కళ్ళు మూసుకోమని, సన్నని నైలాను పోగును అరికాలికి తాకిస్తూ, తెలిసినప్పుడల్లా చెప్పమన్నారు. వేళ్ళ దగ్గర నాలుగుచోట్ల తాకించారు. నాన్నగారు పలకలేదు. పరీక్ష ఇంకా మొదలుకాలేదనుకుని, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు.

బండి అమ్మలేదు. నేనో తమ్ముడో నడుపుతాం, ఆయన వెనక కూర్చుంటారు. తెలియకుండా పుండేదైనా పడిందేమోనని రోజూ రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్ళు చూసుకుంటారు.

మీ ఇంట్లోనూ చక్కెరవ్యాధి ఉన్న పెద్దవారు బండి నడుపుతున్నారా? మైలేజీ తగ్గిందని వారంటే, మెకానిక్కును పిలిచేముందు ఒక్కసారి వారి వెనకాలే వెళ్ళి ఆ ఎర్రదీపాన్ని చూడండి.