గోడలో టీవీ పెట్టిన ఊరు

ఇల్లు కొంటే గోడలోనే టీవీ!

ఏ దసరా ఆఫర్లోనో విన్న మాటలా ఉంది కదూ. కానీ ఇది 1950 నాటి ముచ్చట. అమెరికాలో, న్యూయార్క్ నగరానికి తూర్పున ఉన్న లాంగ్ ఐలండ్‌లో ఓ బిల్డరు నిజంగానే అలా ఇళ్లు అమ్మాడు. ఆ ఊరి పేరు లెవిట్‌టౌన్. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఊరు చూసి వచ్చాం. అక్కడ పెద్ద కోటలూ జలపాతాలూ ఏమీ లేవు. ఉన్నవన్నీ ఇళ్లే. అయినా మా ప్రయాణాలన్నింటిలో బాగా పనికొచ్చింది ఇదే.

అసలు కారణం మా తమ్ముడి ఫోను. బెజవాడలో ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ మొదలవబోతోంది. ‘‘అక్కా, టీవీ పాయింటు హాల్లో ఒక్కటి చాలంటున్నాడు మేస్త్రి. ఇప్పుడన్నీ వైఫైలేగా?’’ అన్నాడు. పక్కనే వింటున్న మా అల్లుడు నవ్వి, ‘‘ఆదివారం మిమ్మల్ని ఒక ఊరికి తీసుకెళతా అత్తయ్యా. చూశాక మావయ్యకు జవాబు చెబుదురుగాని’’ అన్నాడు.

బంగాళాదుంపల చేలో ఊరు

పొద్దున్నే పులిహోర డబ్బా, మంచినీళ్లూ పెట్టుకుని కారులో బయల్దేరాం. స్టేటెన్ ఐలండ్ మీదుగా వెళ్లి, వెరజానో వంతెన ఎక్కి బ్రూక్లిన్‌లో దిగి, అక్కణ్నుంచి లాంగ్ ఐలండ్ లోపలికి... ట్రాఫిక్‌తో రెండు గంటలు పట్టింది.

హెంప్‌స్టెడ్ టర్న్‌పైక్ అనే పెద్ద రోడ్డుకు అటూ ఇటూ దుకాణాలు, పెట్రోలు బంకులు. దాన్ని వదిలి పక్క వీధిలోకి తిరిగితే వేరే లోకం. వంపులు తిరిగే రోడ్లు, ఇంటింటికీ పచ్చిక, నీడనిచ్చే చెట్లు. 1947కు ముందు ఇక్కడ చాలా భాగం బంగాళాదుంపల చేలేనట! రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఉండటానికి ఇళ్లు లేవు. విలియం లెవిట్ కుటుంబ సంస్థ ఆ పొలాలు కొని, కార్ల ఫ్యాక్టరీలో పని పంచినట్టు ఇంటి పనిని ముక్కలుగా విడదీసింది. ఒక బృందం పునాది పోస్తే మరోటి చెక్క చట్రం నిలబెట్టేది. ఇంకోటి రంగులు మాత్రమే వేసేది. ఒక దశలో రోజుకు 30కి పైగా ఇళ్లు లేచాయి. 1951 నాటికి మొత్తం 17,447 ఇళ్లు!

అయితే ఆ తలుపులు అందరికీ తెరుచుకోలేదు. తెల్లజాతి వాళ్లు కానివారు ఈ ఇళ్లలో ఉండకూడదని తొలినాళ్ల ఒప్పందాల్లో రాసేవారు. ఆ రోజుల్లో మనలాంటివాళ్లు వెళితే ఇల్లు ఇచ్చేవారు కాదన్నమాట. ఆ మాట విన్నాక అందమైన ఆ వీధిలో కాసేపు మౌనంగానే నడిచాం.

మెట్ల గోడలో టీవీ

1950లో కట్టిన ఇళ్లలో, అటక మీదికి వెళ్లే మెట్ల గోడలో పన్నెండున్నర అంగుళాల అడ్మిరల్ టీవీ బిగించి ఇచ్చేవారు. ఇంటి ధర 7,990 డాలర్లు. బట్టలుతికే యంత్రం కూడా అందులోనే. బిల్డరుకు అంత ఉదారత ఎందుకంటే... ఇంటికి బిగించి ఉన్న వస్తువు ఇంట్లో భాగం కిందే లెక్క. దాని ఖరీదు కూడా గృహరుణంలోనే కలిసిపోయేది. టీవీ ఒకేసారి డబ్బు పెట్టి కొనలేని కుటుంబానికి, నెల నెలా ఇంటి కిస్తీతో పాటు అదీ తీరిపోయేది.

తెలివైన ఆలోచనే! కానీ ఓ చిక్కొచ్చింది. కొన్నేళ్లకే పెద్ద తెరలు, ఆ తర్వాత రంగుల టీవీలు వచ్చాయి. గోడలో కన్నం మాత్రం పన్నెండున్నర అంగుళాలకే కొలిచి పెట్టింది. టీవీ పాతబడింది, గోడ మిగిలింది. అలాంటిదే మరోటి. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉండాలని నేల కాంక్రీటులోనే రాగి గొట్టాలు పరిచి వేడినీళ్లు పారించారు. ఏళ్లు గడిచాక కొన్ని ఇళ్లలో అవి కారడం మొదలెట్టాయి. బాగు చేయాలంటే నేల పగలగొట్టాల్సిందే!

‘‘చూశారా అత్తయ్యా, బిల్డరు ఇవ్వడం తప్పు కాదు. మళ్లీ బయటికి తీయలేనట్టు ఇవ్వడమే తప్పు’’ అన్నాడు అల్లుడు.

అమెరికా బిల్డర్లు ఆ పాఠం మెల్లగా నేర్చుకున్నారు. 1950ల నుంచే నూటోన్ వంటి కంపెనీల రేడియో ఇంటర్‌కమ్‌లు గోడల్లోకి వచ్చాయి. వంటింట్లో పాట పెడితే పడగ్గదిలో వినిపించేది. 1990లు, 2000ల నాటికి టీవీ, ఇంటర్నెట్, స్పీకర్ల తీగలన్నీ గదిగదికీ తిప్పి, అన్నింటి కొసలూ ఒకే పెట్టెలోకి చేర్చి ఇవ్వడం మొదలైంది. పెట్టాల్సిన యంత్రం ఇల్లుగలవాళ్ల ఇష్టం. దారి మాత్రం బిల్డరుది.

మన గోడలు వేరు

ఇక్కడ నాకు మా కూకట్‌పల్లి ఫ్లాటు గుర్తొచ్చింది. గృహప్రవేశమైన ఆర్నెల్లకు అత్తయ్య మంచం పట్టారు. ఆవిడది వెనక గది. టీవీ హాల్లో. పొద్దున్నే భక్తి కార్యక్రమం వినాలని ఆవిడ ఆశ. ఆవిడకు వినపడేంత సౌండు పెడితే ఇంటర్ పరీక్షలకు చదివే మా అబ్బాయికి ఇబ్బంది. వెనక గదికి తీగ లాగుదామని ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, గోడకు గాడి కొడుతూ నీళ్ల పైపుకు కన్నం పెట్టాడు. బాత్రూం టైల్స్ లేచిపోయాయి. బిల్డర్ని అడిగితే, ‘‘ముందే చెప్పాలి కదమ్మా’’ అన్నాడు. ముందు మమ్మల్ని అడిగిందెవరు? ఆ గొడవంతా చూసి అత్తయ్య, ‘‘నాకెందుకులేమ్మా’’ అన్నారు. మళ్లీ అడగలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయినా ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

అమెరికా ఇళ్లకు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం పలకలు బిగిస్తారు. మధ్యలో డొల్ల. ఇల్లు కట్టాక కూడా ఎంతో కొంత తంటాలు పడి తీగ దూర్చొచ్చు. మనవి ఇటుక, సిమెంటు గోడలు. ప్లాస్టరింగ్ అయిపోయిందంటే ఇక సుత్తి, ఉలే గతి. వైఫై ఉందిగా అంటారా? ఆ సంకేతాలు కూడా చెక్క, జిప్సం గోడల్ని దాటినంత తేలిగ్గా ఇనుప చువ్వల కాంక్రీటును దాటలేవు. అంటే ఈ సదుపాయం అమెరికా బిల్డర్ల కన్నా మన బిల్డర్లే ముందు ఇవ్వాలి! గోడ తెరిచి ఉన్నప్పుడు పైపుల ఖర్చు, ఇంటి ఖర్చులో ఏపాటి? కొనేవాళ్లకు అది రుణంలోనే కలుస్తుంది, అమ్మేవాళ్లకు చెప్పుకోవడానికి ఓ మంచి మాటా ఉంటుంది.

బెజవాడకు ఫోను

అక్కడే ఓ ఈతకొలను పక్కన చెట్టు కింద పులిహోర తింటూ తమ్ముడికి చెప్పాల్సినవన్నీ రాసుకున్నాం. అల్లుడు చెబుతుంటే నేను చీటీ మీద...

* గాలి ఆడే ఒక అల్మరాను కేంద్రంగా పెట్టుకుని, అక్కణ్నుంచి ప్రతి గదికీ, వంటింటికీ, పూజగదికీ విడివిడిగా ఖాళీ పైపు వేయించాలి. లోపల లాగుడు తీగ వదలాలి.

* టీవీ వెనక పైపు రెండంగుళాలది ఉండాలి. సన్నదైతే హెచ్‌డీఎంఐ తీగ మూతి పట్టదు.

* ఈ పైపుల్లో కరెంటు తీగలు కలపకూడదు. రెండింటికీ మధ్య అడుగైనా ఎడం ఉండాలి.

* మలుపుల దగ్గర తెరిచే పెట్టెలు ఉండాలి. సీలింగులో స్పీకర్లు కావాలంటే పై అంతస్తు స్లాబు పోయకముందే చెప్పాలి.

* సౌండు తగ్గించే, ఆపేసే మీట ఏ గదికా గదికే ఉండాలి. లేకపోతే ఒకరి పాట మరొకరికి శిక్ష!

* ప్లాస్టరింగ్‌కు ముందు గోడకు టేపు ఆనించి ఫోటోలు తీసి దాచాలి. మేకు కొట్టే రోజున అవే కాపాడతాయి.

అన్నీ విని తమ్ముడు, ‘‘మేస్త్రి గొణుగుతాడేమో అక్కా’’ అన్నాడు.

‘‘రెండు రోజులు గొణగనీరా. అమ్మ గది ఎటువైపు?’’

‘‘వెనకవైపు.’’

‘‘మొదటి పైపు అక్కడికే వేయించు’’ అన్నాను.

ఆ వారం ప్లాస్టరింగ్ రెండు రోజులు ఆగింది. నాలుగో రోజున ఫోటోలొచ్చాయి. ఎర్ర ఇటుక గోడ మీద తెల్లటి పైపులు, పక్కనే కొలత టేపు. వాటిలో ఒకటి అమ్మ మంచం వచ్చే చోటుకు వెళ్లి ఆగింది. అందులోంచి చిన్న తీగ కొస బయటికి చూస్తోంది.