మన గుగులోత్ పిల్ల ఆట సూసిండ్రా?

మానుకోట దిక్కు ఏదన్న బడికి పోయి హాజరుపట్టీ తెరవండి. గుగులోత్, బానోత్, ధరావత్, భూక్య... వరుసగ వస్తనే ఉంటయి. అండ్ల ఒక ఇంటిపేరు ఇండియా ఫుట్‌బాల్ జెర్సీ దాక పోయిన సంగతి మీకెరుకేనా? ఆ పిల్ల పేరు గుగులోత్ సౌమ్య. 2001ల పుట్టింది. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా వాళ్లది.

"నిజామాబాద్ పిల్లయితే మా మానుకోటకేంది?" అంటరా? ఏం మాటండీ అది! జనగామ నుంచి భూపాలపల్లి దాక మనకు తండాలెన్ని లేవు? ఆ తండాల ఆడపిల్లలందరికి సౌమ్య సొంతమనిషే. సింధు షటిల్ ఆడితే పనులన్ని ఆపి టీవీ ముంగట కూసుంటిమి. మరి సౌమ్య గోల్ కొట్టిననాడు ఎంతమందిమి సూసినం? నా కోపమంత అదే.

2022ల ఏమైందో చెప్త. సౌమ్య, మధ్యప్రదేశ్ పిల్ల జ్యోతి చౌహాన్, ఇద్దరు కలిసి క్రొయేషియాకు పోయి దినమో జాగ్రెబ్ క్లబ్బుల చేరిండ్రు. లూకా మోడ్రిచ్ ఎరుకే గద, 2018ల క్రొయేషియాను ప్రపంచకప్ ఫైనల్ దాక తీస్కపోయినాయన? ఆయన కూడ ఆ క్లబ్బు నుంచి వచ్చినోడే. తండా పిల్ల పోయి ఆ క్లబ్బు జెర్సీ ఏసుకున్నది. ఎంత ముచ్చటైన సంగతి!

సౌమ్య ఆడేది మైదానం అంచు మీద. అసలు అట్ల అంచు మీద ఆడుడంటే ఏందో ఎన్నడన్న గమనించిండ్రా? బంతి ఎక్కడో నడుమ తిరుగుతుంటది. మనం మాత్రం గీత పక్కన ఓపికగ కాసుకొని ఉండాలె. బంతి కాలికి తగిలిందా, ఇగ రెప్పపాటుల తేల్చుకోవాలె. డిఫెండర్‌ను బయటి నుంచి దాటి క్రాస్ ఎయ్యాల్నా, లోపలికి మళ్లి గోల్ దిక్కు తన్నాల్నా? సౌమ్య ఆటల నాకు నచ్చేది ఆ మళ్లుడే.

అన్నట్టు, ఫుట్‌బాల్ మనకు కొత్తదనుకునేరు! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియాను నాలుగో స్థానం దాక నడిపించిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదాయనే. ఆ జట్టుల ఆడిన తులసీదాస్ బలరాందేమో సికింద్రాబాద్. ఆడోళ్ల ఆట దగ్గరికి వచ్చేసరికే మన నోర్లు పడిపోతయి.

సరే, 2025కు వద్దాం. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, మొదటిసారి. ఆ జట్టుల సౌమ్య ఉన్నది. మే నెలల అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చింది. జూన్‌ల థాయ్‌లాండ్, చియాంగ్ మాయి. ఆసియా కప్ అర్హత పోటీలు. మంగోలియా మీద మనోళ్లు 13–0! తప్పు సదువలేదు, పదమూడే. అండ్ల రెండు గోల్స్ సౌమ్యయి. జులై 5న థాయ్‌లాండ్‌నే వాళ్ల ఊర్ల 2–1తోని ఓడగొట్టిండ్రు. అప్పుడు వాళ్ల ర్యాంకు 46, మనది 70. ఆనాటి రెండు గోల్స్ సంగీత బాస్‌ఫోర్‌వి. అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌కు పోవుడు మన ఆడోళ్లకు అదే మొదలు.

ఇగ మీకొక్కటే మాట. ఇండియా ఆడపిల్లల మ్యాచ్ మళ్ల వచ్చిననాడు ఇంట్ల పిల్లలను పక్కన కూసోపెట్టుకొని సూడండి. పీటీ సార్లూ, మీక్కూడ: ఆటల పీరియడ్‌ల ఫుట్‌బాల్ ఒక్క మగపిల్లలకే ఇయ్యకండి.